యథాతథ స్థితిలో వైదేహి

మండపేట నాలుగో వార్డులో అర్జీ అంటే కంచుమర్తి భాస్కరమూర్తి గారు, భాస్కరమూర్తి గారంటే అర్జీ. తహసీల్దారు కార్యాలయంలో ముప్పయ్యారేళ్లు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. కుర్చీ వదిలారు గానీ కలం వదల్లేదు. పింఛను రాని ముసలమ్మకీ, కుళాయి రాని వీధికీ, పక్కింటి కోడిపుంజు కూత భరించలేని లెక్కల మేష్టారికీ ఆయనే అర్జీ రాసిపెట్టేవారు. సంగతి ఏదైనా సరే, ఆ అర్జీల ఆఖరి వాక్యం మాత్రం ఒక్కటే: 'తుది నిర్ణయం వెలువడు వరకు యథాతథ స్థితిని కొనసాగించవలసిందిగా ప్రార్థన.' పొలం గట్ల తగాదాల ఫైళ్లలో రాసి రాసి ఆ వాక్యం ఆయన చేతికి పట్టుబడిపోయింది. అది లేకుండా సంతకం పెట్టడమంటే ఆయనకి చొక్కా లేకుండా బజారుకి వెళ్లడమే. కుళాయి రాని వీధి అర్జీలో కూడా ఆ వాక్యం ఉందనీ, ఆ వీధికి ఇప్పటికీ కుళాయి రాకపోవడానికి కారణం అదేననీ గిట్టనివాళ్లు అంటారు. ఊళ్లో గిట్టనివాళ్లకేం తక్కువ.

ఆయన పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక పెంచి పెద్దచేసిన అక్క సత్యవేణమ్మ గారే ఆయనకి ఇల్లు. చిన్నప్పుడే భర్త పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని బతుకు ఈదుకొచ్చిన మనిషి ఆవిడ. ఇప్పుడు ఎనభై ఒకటి. ఆవిడకి ఉన్న సరదా ఒక్కటే. రోజూ మధ్యాహ్నం రెండున్నరకి 'ఒడి వెతికిన ఉయ్యాల' సీరియలు చూడాలి. తొమ్మిదేళ్లుగా చూస్తున్నారు. అందులో వైదేహి అనే ఇల్లాలికి పుట్టిన ఆడపిల్లని ఆసుపత్రిలో ఎవరో మార్చేశారు. ఆ కూతురు ఎక్కడుందో వైదేహికి తెలీదు, మనకీ తెలీదు. తొమ్మిదేళ్లలో వైదేహికి రెండుసార్లు చూపు పోయింది, ఒకసారి ఉరిశిక్ష పడింది, మామగారికి దగ్గు మొదలైంది. కూతురు మాత్రం దొరకలేదు.

మొన్న వేసవిలో డాక్టరు సత్యవేణమ్మ గారిని చూసి, భాస్కరమూర్తి గారిని పక్కకి పిలిచి మాట్లాడాడు.

"గుండె బాగా అలిసిపోయిందండీ. ఆవిడకి ఏది ఇష్టమైతే అది జరిగేలా చూడండి. ఏదీ వాయిదా వెయ్యకండి."

ఇంటికొచ్చి, కాశీ తీసుకెళ్లనా, తిరపతి తీసుకెళ్లనా అని ఆయన అక్కగారిని అడిగారు.

"కాశీ వద్దు గీశీ వద్దురా మూర్తీ. ఆ వైదేహికి కూతురు దొరకడం కళ్లతో చూస్తే చాలు నాకు," అన్నారావిడ.

ఆ మాట అన్న వారానికే కొంప మునిగింది. ఒక సోమవారం మధ్యాహ్నం, చనిపోయిన నర్సు రాసిపెట్టిన ఉత్తరం వైదేహికి అందింది. కూతురి ఆచూకీ అందులో ఉందిట. వైదేహి కుడిచేత్తో ఉత్తరం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. వంటింట్లో పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. మామగారు దగ్గబోయి ఆగారు. టీవీ ముందు సత్యవేణమ్మ గారు ఊపిరి బిగబట్టారు. సరిగ్గా అప్పుడు తెర అడుగున ఒక ప్రకటన పరిగెత్తింది. 'ఆదరణ తగ్గిన దృష్ట్యా ఈ ధారావాహిక ప్రసారమును ఈ శుక్రవారముతో నిలిపివేయుచున్నాము.'

"అదేంట్రా," అన్నారు సత్యవేణమ్మ గారు. "ఉత్తరం చేతిలో పెట్టి ఆపేస్తారేంట్రా. నేను తెలుసుకోకుండానే పోతానా?"

ముప్పయ్యారేళ్ల సర్వీసులో కలెక్టరు మీద కూడా భాస్కరమూర్తి గారికి అంత కోపం రాలేదు.

"నేను బతికుండగా ఎలా ఆపుతారో చూస్తానక్కా," అని కండువా భుజాన వేసుకుని బల్ల దగ్గర కూర్చున్నారు.

ఆ అర్జీ ఆయన జీవితంలోకెల్లా గొప్ప అర్జీ. సీరియలు నడిపేది రాష్ట్ర కుటుంబ వినోద ప్రసార సంస్థ. ఆ సంస్థకో నియమావళి ఉంది. లక్ష మంది ప్రేక్షకులు ఒకే అర్జీ పెట్టుకుంటే, దానిని అక్షరం మార్చకుండా, అక్షరం కలపకుండా, ఇరవై నాలుగు గంటల్లో అమలు చెయ్యాలని అందులో రాసుంది. లక్ష మంది ఒక్క మాట మీదికి వస్తారని కలలో కూడా అనుకోని వాళ్లెవరో పెట్టిన రూలు అది. భాస్కరమూర్తి గారు నాలుగు పేజీలు నింపారు. తల్లి మనసు గురించి ఒక పేజీ, వీక్షకుల హక్కు గురించి రెండు, ధారావాహికను ఎట్టి పరిస్థితుల్లోనూ నిలిపివేయరాదని ఒకటి. కింద పేరు, ఇంటి నెంబరు 4-87, సంతకం. సంతకానికి పైన, ఆయన చెయ్యి తనకలవాటైన వాక్యం తనే రాసుకుపోయింది.

ఎదురింటి కుట్టు మిషను నూకరత్నం ఆ అర్జీని ఫోనుతో ఫొటో తీసి అభిమానుల గ్రూపులో పెట్టింది. ఇంక చూసుకోండి. ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా ఆడవాళ్లు, మగవాళ్లు, బయటికి చెప్పుకోలేని మగవాళ్లు, అందరూ దాన్ని సంస్థకి పంపడం మొదలెట్టారు. పేరు మార్చి పంపాలని ఎవరికీ తోచలేదు. పెద్దాయన పెద్ద చదువు చదివి రాసినదాంట్లో మనం వేలు పెట్టకూడదనుకున్నారు. బుధవారం పొద్దుటికి సంస్థకి చేరిన అర్జీలు లక్షా పదమూడు వేల నాలుగు వందల ఎనిమిది. అన్నిటి కిందా కంచుమర్తి భాస్కరమూర్తి, ఇంటి నెంబరు 4-87.

మంగళవారం ఎపిసోడులో సోమవారం జరిగిందే మూడు వైపుల నుంచి మళ్లీ చూపించారు కాబట్టి కథ ఎక్కడిదక్కడే ఉంది. బుధవారం రెండు గంటలకి ప్రకటన వచ్చింది. ప్రజాభీష్టాన్ని శిరసావహించి ధారావాహికను కొనసాగిస్తున్నామనీ, అర్జీలో కోరిన విధంగా తుది నిర్ణయం వెలువడు వరకు యథాతథ స్థితి అమలులో ఉంటుందనీ చదివారు. నాలుగో వార్డులో టపాకాయలు కాల్చారు. నూకరత్నం వీధి వీధంతా బూందీ పంచింది. సత్యవేణమ్మ గారు తమ్ముడి తల నిమిరారు. అరవై ఆరేళ్ల మనిషి ఆ నిమురుకి పదేళ్ల పిల్లాడైపోయారు.

రెండున్నరకి సీరియలు వచ్చింది. వైదేహి గుమ్మంలో ఉత్తరం పట్టుకుని నిలబడింది. పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. మామగారు దగ్గబోయి ఆగారు. అరగంట అయ్యాక సీరియలు అయిపోయింది.

గురువారం కూడా అంతే. శుక్రవారం కూడా అంతే.

రెండో వారం గడిచాక సత్యవేణమ్మ గారు తమ్ముణ్ణి అడిగారు. "ఒరే, ఈ పిల్లకి చదువొచ్చా రాదా?"

"వస్తుందక్కా. కాలేజీలో మెడల్సు వచ్చాయి కదా, మూడో ఏడాది ఎపిసోడ్లలో."

"మరి విప్పదేం?"

మూడో వారం భాస్కరమూర్తి గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని సంస్థ కార్యాలయానికి వెళ్లారు. సంచాలకులు డాక్టర్ పరిమళరావు గారు ఎదురొచ్చి దండ వేశారు. పక్కనున్న గుమాస్తాలు చప్పట్లు కొట్టారు.

"లక్షా పదమూడు వేల నాలుగు వందల ఎనిమిది అర్జీలు సమర్పించిన ఏకైక పౌరుడు మీరు. మీ వంటి వారి వల్లనే ప్రజాస్వామ్యం పరిఢవిల్లుచున్నది," అన్నారు సంచాలకులు.

"సంతోషమండీ. ఆ ఉత్తరం ఎప్పుడు విప్పుతారండీ?"

సంచాలకుల మొహం చిన్నబోయింది. "అదేమిటి మూర్తి గారూ. ఉత్తరం విప్పినచో స్థితి మారును. స్థితి మారినచో అది యథాతథము కాజాలదు. మీరు కోరినది మేము మంజూరు చేసితిమి. కోరనిది మంజూరు చేయుటకు మాకు అధికారము లేదు."

"తుది నిర్ణయం వచ్చేవరకే కదండీ నేను రాసింది. అదెప్పుడొస్తుంది?"

"తుది నిర్ణయ ఉపసంఘము సమావేశమైన పిమ్మట."

"ఉపసంఘం ఎప్పుడు సమావేశమవుతుందండీ?"

"ముందు దానిని నియమించవలెను కదా. ఉపసంఘమును నియమించుట కూడ ఉన్న స్థితిలో మార్పే అగును. కావున యథాతథ కాలము ముగిసిన వెంటనే నియమించెదము."

నిజం చెప్పాలంటే భాస్కరమూర్తి గారికి ఒళ్లు పులకరించింది. ముప్పయ్యారేళ్లలో ఎన్నో మెలికలు వేశారు గానీ ఇంత అందమైన మెలిక ఆయనకెప్పుడూ పడలేదు. ఎక్కడ లాగినా ఊడకుండా ఉంది. అక్కకి ఏం చెప్పాలన్న సంగతి కాసేపు మర్చిపోయి, మనస్ఫూర్తిగా తలాడించారు. ఆ తలాడింపు చూసి సంచాలకులు అక్కడికక్కడే ఆయన్ని గౌరవ యథాతథ పరిశీలకులుగా నియమించారు. ఉపసంఘం నియామకం మార్పు అవుతుంది గానీ పరిశీలకుడి నియామకం మార్పుని ఆపడానికి కాబట్టి మార్పు కాదుట.

ఆ హోదాలో ఆయన షూటింగు జరిగే చోటికి వెళ్లారు. వైదేహి పాదాల చుట్టూ సుద్దముక్కతో గీత గీసి ఉంది. పొయ్యి మీద పాలు పొంగకుండా ఒకడు, చల్లారకుండా ఒకడు కాపలా ఉన్నారు. వైదేహి జడలోని మల్లెమాలని రోజూ పాతమాల బరువుతో తూచి మారుస్తున్నారు. మామగారి వేషం వేసే ముసలాయన పాపం నిజంగానే దగ్గు పట్టుకుని, అది రాకుండా నోట్లో మిరియం పెట్టుకుని కూర్చున్నాడు. పోయిన వారం ఆయన ఒకసారి తుమ్మితే ఆ ఎపిసోడుని రద్దు చేసి, విచారణ జరిపి, తుమ్ము దగ్గు కాదని తేలాక సంజాయిషీతో వదిలేశారుట. వీటన్నిటికీ రిజిస్టరు ఉంది. రిజిస్టరు చూశాక భాస్కరమూర్తి గారి కళ్లు మెరిశాయి. మార్జిన్లు సరిగ్గా ఉన్నాయి. కొట్టివేతల పక్కన పొట్టి సంతకాలున్నాయి.

వైదేహి వేషం వేసే అమ్మాయి మెల్లగా ఆయన్ని పిలిచింది.

"బాబాయిగారూ, చెయ్యి లాగేస్తోందండీ. ఉత్తరం ఎడం చేతిలోకి మార్చుకోవచ్చాండీ?"

భాస్కరమూర్తి గారు ఆలోచించారు. "కుదరదమ్మా. చెయ్యి మారితే స్వాధీనం మారినట్టు. గట్టు తగాదాల్లో ఇలాగే ఒకాయన రాత్రికి రాత్రి అరకని గట్టు అవతలికి మార్చి కేసు పోగొట్టుకున్నాడు."

అంతటితో ఊరుకున్నారా, గోడ మీద క్యాలెండరు కాగితం ఒకటి చిరిగి మర్నాటి తారీఖు కనిపిస్తోందని పట్టుకున్నారు. చేసినవాడికి మెమో ఇప్పించారు. పాత కాగితం వెతికించి జిగురుతో అతికించారు. ఎవరో బీరువా తాళాలు తెచ్చి, ఇందులో ఉన్న టేపుల వల్ల స్థితి మారే ప్రమాదముందని చెబితే, తలుపుకి లక్క సీలు వేయించి దాని మీద సంతకం పెట్టారు. ఎంతమందికి దక్కుతుంది ఆ భాగ్యం. ఇంటికి తిరిగొచ్చే రైల్లో ఆయన తనలో తాను నవ్వుకున్నారు. రైలు దిగి మండపేట బస్సెక్కాక మాత్రం అక్క గుర్తొచ్చింది.

"ఏమన్నార్రా?" అన్నారావిడ, చెప్పులు విప్పకముందే.

"పరిశీలనలో ఉందక్కా."

ఇక్కడ ఇంకో విచిత్రం చెప్పాలి. తొమ్మిదేళ్లు కిందా మీదా పడినా రాని ఆదరణ, ఏమీ జరగకపోవడంతో ఆ సీరియలుకి వచ్చింది. జనం పని మానుకుని చూస్తున్నారు. పాలు పొంగుతాయా పొంగవా అని అరుగుల మీద వాదించుకుంటున్నారు. వైదేహి నిబ్బరం మీద ఒక పత్రికలో వ్యాసం పడింది. గుమ్మంలో కదలకుండా నిలబడే పోటీలు కాలేజీల్లో పెట్టారు. మిగతా సీరియళ్ల అభిమానులు ఊరుకుంటారా. అదే అర్జీ, అదే పేరు, అదే ఇంటి నెంబరు, సీరియలు పేరు మాత్రం మార్చి పంపారు. ఒక సీరియల్లో పెళ్లికొడుకు తాళి పట్టుకుని నలభై రోజులుగా వంగి ఉన్నాడు. ఇంకోదాంట్లో విలను కొండ అంచున వేళ్లతో వేలాడుతున్నాడు, మంచివాడైపోతున్నాడు కూడా. వంటల కార్యక్రమంలో ఉల్లిపాయలు నెలా పది రోజులుగా వేగుతున్నాయి. ఆఖరికి వాతావరణ సమాచారానికి కూడా ఎవరో రైతు అభిమానులు అర్జీ పెట్టారు. రేపు ఒక మోస్తరు వర్షం అన్న మాట రోజూ చెబుతున్నారు.

సత్యవేణమ్మ గారు మాత్రం చిక్కిపోతున్నారు. కుర్చీలో కూర్చోలేక మంచం టీవీ ముందుకి వేయించుకున్నారు. ఒకరోజు సీరియలు మధ్యలో నిద్రపట్టేసింది. మెలకువ వచ్చి, "దొరికిందా?" అని కంగారుగా అడిగారు. ఆ కంగారు చూసి భాస్కరమూర్తి గారు, ఇంక ఈ పరిశీలకుడి వేషం చాలు, యథాతథం ఎత్తేయించాలని ఆ రోజే తీర్మానించుకున్నారు.

అర్జీ ఉపసంహరణకి రూలు చూశారు. అర్జీ పెట్టిన ప్రతి ఒక్కరూ విడివిడిగా ఉపసంహరణ పత్రం ఇవ్వాలి. ఎవరెవరు పెట్టారని సంస్థని అడిగితే జాబితా పంపారు. లక్షా పదమూడు వేల నాలుగు వందల ఎనిమిది వరసలు. ప్రతి వరసలోనూ ఆయన పేరే. నా ఒక్కడి సంతకం చాలదా అని రాశారు. ప్రతి అర్జీ దానికదే స్వతంత్ర ప్రజాభీష్టమనీ, ఒక భాస్కరమూర్తి గారి అభిప్రాయమును వేరొక భాస్కరమూర్తి గారిపై రుద్దుట అప్రజాస్వామికమనీ జవాబొచ్చింది.

పొద్దున్నే కాఫీ తాగి సంతకాలు మొదలెట్టేవారు. భోజనానికి లేచేవారు. మళ్లీ కూర్చునేవారు. నూకరత్నం కాగితాలు అందిస్తూ ఉండేది. వేలు బొబ్బలెక్కింది. రెండు నెలలకి ఇరవై రెండు వేలు దాటాయి. ఉన్నంతవరకు ఇచ్చి బతిమాలదామని కట్టలు ఆటోలో వేసుకుని రైలెక్కారు. కాగితాలు తీసుకునే ఆవక విభాగంలో గుమాస్తా కట్టలు ఎత్తి చూసి, తిరిగి బల్ల మీద పెట్టాడు.

"మొత్తం ఒకేసారి తేవాలండీ. కొంతమంది ఉపసంహరించుకుని కొంతమంది ఉపసంహరించుకోకపోతే ప్రేక్షకుల్లో చీలిక వచ్చినట్టు. చీలిక వస్తే యథాతథం కొనసాగించాలని రూలండీ."

భాస్కరమూర్తి గారు వరండాలో బెంచీ మీద కూలబడ్డారు. పక్కన ఒక బక్కపల్చటి మనిషి పేపరు చదువుకుంటున్నాడు. ఈయన్ని చూసి లేచి నిలబడి దండం పెట్టాడు.

"నమస్కారమండీ. నన్ను ఆదినారాయణంటారండీ. 'ఒడి వెతికిన ఉయ్యాల' రాసేది నేనేనండీ. ఇప్పుడు రాయట్లేదనుకోండి. రాస్తే మార్పు కింద లెక్కటండీ. రోజూ వచ్చి సంతకం పెట్టి, ఇక్కడ కూర్చుని వెళ్తున్నానండీ."

భాస్కరమూర్తి గారు అతని చెయ్యి పట్టుకున్నారు. "బాబూ, నీకు పుణ్యముంటుంది. ఆ ఉత్తరంలో ఏముందో చెప్పు. మా అక్క ఎక్కువ రోజులుండదు."

ఆదినారాయణ ఆయన వంక వింతగా చూశాడు. "మీకు తెలీదాండీ? ఆపేస్తున్నామని సంస్థ వాళ్లు మాకు నెల ముందే చెప్పారండీ. మంచిదే అనుకున్నాను. తొమ్మిదేళ్లకి ముగింపు రాసుకునే అదృష్టం పట్టిందనుకున్నాను. ఆ వారం వారమంతా ముందే తీసేశామండీ. బుధవారం ఉత్తరం విప్పుతుంది. గురువారం బయల్దేరుతుంది. శుక్రవారం ఆ ఇంటి తలుపు కొడితే, కూతురే వచ్చి తీస్తుందండీ."

భాస్కరమూర్తి గారు అతన్ని చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఆ సీనులో ఒక్క డైలాగు లేదండీ. వైదేహి ఆ పిల్ల వంక చూస్తుంది, అంతే. నాలుగు నిమిషాలు. తీసిన రోజున లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా ఏడ్చారండీ. ఇన్నేళ్లలో నేను సరిగ్గా రాసింది అదొక్కటే."

"అదేదీ ఇప్పుడు?"

"బీరువాలో ఉందండీ. సీలేశారు కదా. సీలు మీద సంతకం మీదేనండీ."

ఆ మధ్యాహ్నమే రైలెక్కి, మర్నాడు భోజనాల వేళకి ఇల్లు చేరారు. దారి పొడుగునా అక్కకి చెప్పాలా వద్దా అని నలిగిపోయారు. అబద్ధం ఆయనకి కాగితం మీద వచ్చినంత సులువుగా నోటికి రాదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఉన్నదున్నట్టు చెప్పారు. ఉత్తరం, ప్రయాణం, తలుపు, కూతురు, నాలుగు నిమిషాలు. సత్యవేణమ్మ గారు కళ్లు మూసుకుని విన్నారు.

"తలుపు తీసింది ఆ పిల్లేనా?"

"ఆ పిల్లేనక్కా."

"వైదేహి మొహం ఎలా ఉందిట?"

తల్లి మనసు మీద పేజీ అంతా అలవోకగా రాసిన మనిషికి ఒక్క ముక్క తోచలేదు.

"అది చెప్పడానికి రాదుట అక్కా. చూడాలిట."

"చూడాలనే కదరా, ఇన్నేళ్లు కూర్చున్నాను. దొరుకుతుందని నాకు తెలీదా ఏంటి." ఆవిడ వారాలు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. "అయితే ఆ శుక్రవారమే వచ్చేసేదన్నమాట."

"ఆ శుక్రవారమే."

"మరి ఆపిందెవర్రా?"

"నేనే అక్కా," అన్నారాయన. "నీకోసమే రాశాను."

సత్యవేణమ్మ గారు కళ్లు తెరిచి తమ్ముడి వంక చూశారు. బొబ్బలెక్కిన ఆయన వేలిని తన చేతిలోకి తీసుకుని, ఊది, వదిలేశారు.

"టైమెంతయింది?"

"రెండున్నర అక్కా."

"టీవీ పెట్టరా మరి. ఇవాళ విప్పుతుందేమో చూద్దాం."

భాస్కరమూర్తి గారు లేచి టీవీ పెట్టారు.